కొట్టు ఎవరి పేరున?

దీపావళి నాడు లెక్కల పుస్తకానికి పసుపు కుంకుమలు పెట్టి పూజ చేసుకుంటాం. ఆ కొట్టుకు కాగితాల్లో ఉన్న యజమాని పేరు నిజమేనా అన్నది ధర్మానికి సంబంధించిన ప్రశ్న.

సౌదీలో, రాబిగ్ వంటి పారిశ్రామిక పట్టణంలో, మనవాళ్ళ చిన్న కొట్టుకు ముప్పు రెండు వైపుల నుంచి వస్తుంది. 2017లో ఒక్కో కుటుంబ సభ్యుడికి నెలకు 100 రియాళ్ళుగా మొదలైన రుసుము 2020కి 400 అయింది. చాలామంది భార్యాబిడ్డల్ని ఇంటికి పంపేశారు. అలా పోయిన గిరాకీ మన చేతిలో లేనిది.

రెండోది చేజేతులా తెచ్చుకునేది: స్థానికుడి పేరున లైసెన్సు, మనవాడి పెట్టుబడి. 2020 నాటి చట్టం ప్రకారం దీనికి 5 ఏళ్ళ జైలు, 50 లక్షల రియాళ్ళ జరిమానా దాకా పడవచ్చు. సొంత లైసెన్సుకు స్తోమత లేకనే కదా అంటారు. నిజమే. కానీ పేరిచ్చినవాడు రేపు "కొట్టు నాదే" అంటే ఎవరితో మొర పెట్టుకుంటాం? అబద్ధం మీద నిలబెట్టింది ఎంత కష్టార్జితమైనా చేతిలో నిలవదు. స్తోమత వచ్చేదాకా ఆగడం కూడా వ్యాపార దక్షతే.

అందరికీ దీపావళి శుభాకాంక్షలు.