ఎడారిలో జమ్మిచెట్టు

 

ఈపాటికి మన ఊళ్లలో వానలు వెనకబడి, గట్ల మీద తంగేడు, గునుగు పూసి ఉంటాయి. దశమి సాయంత్రం ఊరంతా పొలిమేరకు వెళ్లి జమ్మిని పూజిస్తారు. పాలపిట్టను చూస్తారు. జమ్మి ఆకును "బంగారం" అంటూ పెద్దల చేతిలో పెట్టి కాళ్లకు మొక్కుతారు. ఇక్కడ మనకు ఎండ కాస్త తగ్గడమే శరదృతువు. పండుగనాడు మనసు ఊరికి పరుగెత్తడం సహజమే.

అయితే ఒక్క సంగతి గమనించండి. బహ్రెయిన్ ఎడారిలో ఒంటరిగా నిలిచిన 'షజరత్ అల్ హయాత్', అంటే జీవవృక్షం, మనలో చాలామంది చూసిందే. దాని వయసు నాలుగు వందల ఏళ్లు దాటిందంటారు. అది మరేదో కాదు, మన జమ్మే! అరబ్బులు గాఫ్ అని పిలిచేదీ, 2014లో తెలంగాణ రాష్ట్ర వృక్షంగా ప్రకటించిందీ ఈ జాతి చెట్టునే. ఏడాదికి సుమారు 70 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే నేలలో, వేళ్లను లోతుకు దింపుకొని అది పచ్చగా బతుకుతోంది.

విరాటపర్వం గుర్తు తెచ్చుకోండి. అజ్ఞాతవాసానికి వెళుతూ పాండవులు ఆయుధాలను జమ్మిచెట్టు మీద దాచారు. భీముడు వంటవాడయ్యాడు, నకులుడు గుర్రాలు చూశాడు, సహదేవుడు ఆవులు కాశాడు, ద్రౌపది సైరంధ్రి అయింది. పరాయి కొలువులో పేరు మారింది, పని మారింది. ధర్మం మారలేదు. ఆయుధాలను వారు పారేయలేదు, భద్రంగా దాచుకున్నారు. అందుకే సమయం వచ్చినప్పుడు అర్జునుడి చేతికి గాండీవం అందింది.

మనదీ పరాయి కొలువే. మన భాష, మన పండుగలు, మన ఋతువుల పేర్లు మనం దాచుకోవలసిన ఆయుధాలు. వాటిని పిల్లలకు అందించకపోతే, రేపు వారు వెతికినా చెట్టు మీద ఏమీ ఉండదు.

సెలవు రోజున పిల్లలను ఆ చెట్టు దగ్గరకు తీసుకెళ్లి ఈ కథ చెప్పండి. ఒక్క ఆకు కూడా తెంపవద్దు. అది ఈ దేశం కాపాడుకుంటున్న సంపద. మనకు అన్నం పెడుతున్న నేల కూడా తల్లే. దూరం నుంచి నమస్కరిస్తే చాలు, పూజ ఇంట్లో చేసుకోవచ్చు.

మరొక్క మాట. రెండేళ్లకోసారి గాని ఊరి ముఖం చూడలేని సోదరులు లేబర్ క్యాంపుల్లో ఎందరో ఉన్నారు. ఈ దశమికి వారిలో ఒక్కరినైనా ఇంటికి భోజనానికి పిలవండి. ఆకు లేకపోయినా, ఆ పిలుపే వారి చేతిలో పెట్టే బంగారం.

శుభం భూయాత్.