గడియ ఎటువైపు?

గురజాడ ‘దిద్దుబాటు’ (1910) పాఠం చెప్పినప్పుడల్లా నేను తలుపు దగ్గరే కాసేపు ఆగిపోతాను. సానిపాట విని అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరిన గోపాలరావు తలుపు తీయమని పిలుస్తాడు. ఎవరూ పలకరు. చెయ్యి వేసేసరికి తలుపు దానంతటదే తెరుచుకుంటుంది. లోపల గడియ వేసి లేదు. కథంతా ఆ వెయ్యని గడియ మీదే నడుస్తుంది. (తొలి కథ ఇదేనా, 1902 నాటి భండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ని ఎందుకు వెనక్కి నెడతారు అన్న తగవు నాకూ ఉంది. అది మరోసారి పెట్టుకుందాం.) పిల్లలు నవ్వుతారు. కమలిని భలే బుద్ధి చెప్పిందంటారు. నేను అడిగేది వేరే. మిగతా రాత్రుళ్ళ మాటేమిటి? అప్పుడు లోపల గడియ పడే ఉంటుంది కదా! అతను వచ్చి పిలిచేదాకా సగం మెలకువతో పడుకుని, లేచి వెళ్ళి తీసేది ఎవరు? నౌకరు రాముడైనా కావాలి, కమలిని అయినా కావాలి. ఇష్టమొచ్చిన వేళకి ఇల్లు చేరే మనిషి స్వేచ్ఛ వెనక నిద్ర కాచే మనిషి ఒకరుంటారు.

ఈమధ్య నేను ఒక గేటుకి గడియ తయారు చేయించే పని నెత్తిన వేసుకున్నాను. ఆ గేటు సంగతి తర్వాత చెప్తాను. ముందు, ఆ పని మొదలుపెట్టాక గడియ గురించి నా బుర్రలో తిరిగినవి కొన్ని.

మన తలుపులకి మామూలుగా రెండు గడియలుంటాయి. బయటివైపు తాళంకప్ప తగిలించడానికి వీలుగా ఆల్‌డ్రాప్, లోపలివైపు టవర్ బోల్టు. పాత ఇళ్ళలో బయట గొళ్ళెం, లోపల అడ్డగడియ. ఇనుము ఒకటే, కానీ రెండింటికీ అర్థం పూర్తిగా వేరు. లోపల వేసుకున్న గడియ నా ఏకాంతం. మనిషి లోపల ఉండగా బయటినుంచి వేసిన గడియ ఖైదు. వర్జీనియా వుల్ఫ్ 1929లో రాయాలనుకునే స్త్రీకి ఏడాదికి అయిదొందల పౌండ్లూ ఒక గదీ కావాలంది. ఆ గది తలుపుకి తాళం ఉండాలని కూడా అంది. మనం గదిని గుర్తుపెట్టుకున్నంతగా తాళాన్ని గుర్తుపెట్టుకోలేదు. బాత్‌రూమ్ తలుపుకి లోపల బోల్టు ఊడిపోయి, స్నేహితురాలిని బయట కాపలా పెట్టి లోపలికి వెళ్ళిన ఏ ఆడపిల్లకైనా వుల్ఫ్ మాట వెంటనే తెలిసిపోతుంది.

భాష కూడా ఇక్కడ తెలివిగా తప్పుకుంటుంది. “తలుపు వేసి ఉంది” అంటాం. ఎవరు వేశారు? ఎటువైపునుంచి? ఆ వాక్యంలో కర్త లేదు. చట్టం మాత్రం కర్తని అడుగుతుంది. 1860 నాటి శిక్షాస్మృతి అక్రమ నిర్బంధానికి ఇచ్చిన ఉదాహరణ సరిగ్గా ఇదే. ఒకరు మరొకర్ని గోడలున్న చోటికి పంపి తాళం వేయడం. 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో, 127వ సెక్షన్ కింద, ఆ ఉదాహరణ అలాగే ఉంది. నిన్నమొన్నటి దాకా కోడళ్ళని గదిలో పెట్టి గొళ్ళెం వేసిన ఎన్ని ఇళ్ళకి ఈ సంగతి తెలుసో!

ఇంకాస్త ఆలోచిస్తే, ప్రతి గడియా ఒక పరీక్ష పెడుతుంది. పల్లెల్లో దొడ్డి గేటుకుండే వాలుగడియ తీసుకోండి. ఒక కొసన మేకుతో బిగించిన కడ్డీ, రెండో కొస దాని బరువుకి అదే కిందికి పడి, స్తంభానికున్న కొక్కెంలో కూర్చుంటుంది. గేటు నెడితే కడ్డీ కొక్కెం వాలు మీదుగా పైకి ఎక్కి, టక్కున గాడిలో పడుతుంది. స్ప్రింగు లేదు, తాళంచెవి లేదు. గేదె ఎంత తోసినా రాదు, మనిషి వేలితో ఎత్తితే వస్తుంది. అది అడిగే ప్రశ్న ఒకటే: నీకు చెయ్యి ఉందా? ఆస్ట్రేలియాలో ఈతకొలను చుట్టూ కంచె ప్రమాణాల ప్రకారం, గడియ తీసే మీట నేలనుంచి కనీసం 1500 మిల్లీమీటర్ల ఎత్తున ఉండాలి, గేటు కొలను వైపు కాకుండా బయటికి తెరుచుకోవాలి, దానంతటదే మూసుకోవాలి. ఆ గడియ అడిగేది ఎత్తు. మూడేళ్ళ పిల్ల ఫెయిలవుతుంది, బతుకుతుంది. చక్రాల కుర్చీలో ఉన్న ఆవిడ కూడా ఫెయిలవుతుంది. ఆమెని ఫెయిల్ చేయాలని ఎవరూ అనుకోలేదు. ఆమెని అసలు అనుకోలేదు, అంతే.

పరీక్ష ఎవరికోసం పెడుతున్నామో దాచిపెట్టినప్పుడు ఏమవుతుందో న్యూయార్క్ చూసింది. 1911 మార్చి 25న ట్రయాంగిల్ షర్ట్‌వెయిస్ట్ ఫ్యాక్టరీలో నిప్పంటుకుంది. 146 మంది చనిపోయారు. ఎక్కువమంది స్త్రీలు, చాలామంది ఇరవై ఏళ్ళు దాటని వలస పిల్లలు. తొమ్మిదో అంతస్తులో ఒకవైపు మెట్ల తలుపు తాళం వేసి ఉంది. సాయంత్రం అందరూ ఒకే తలుపులోంచి బయటికి పోతే, సంచులు వెతికి గుడ్డముక్క దొంగిలించారేమో చూడొచ్చని ఆ ఏర్పాటు. డిసెంబరులో యజమానులిద్దర్నీ కోర్టు నిర్దోషులని వదిలేసింది. ఆ క్షణాన ఆ తలుపుకి తాళం పడి ఉందని వాళ్ళకి తెలుసని రుజువు కాలేదట. మళ్ళీ కర్త లేని వాక్యమే. తలుపు వేసి ఉంది!

ఒళ్ళు మండే సంగతి ఇంకోటి ఉంది. ఆ నాటికే మరోరకం గడియ బజారులో దొరుకుతోంది. 1903 డిసెంబరు 30న షికాగోలో ఇరోక్వాయ్ థియేటర్ తగలబడి ఆరొందల మందికి పైగా పోయాక, తలుపుకి అడ్డంగా నడుమెత్తున ఒక కడ్డీ బిగించే గడియ తయారైంది, 1908 నుంచి అమ్మకానికి వచ్చింది. బయటినుంచి రానివ్వదు. లోపలున్నవాళ్ళు ఒంటితో ఆనుకుంటే చాలు, తీసుకుంటుంది. తాళంచెవి అక్కర్లేదు, తెలివి అక్కర్లేదు, చీకట్లో వెతుక్కోనక్కర్లేదు. దొంగని ఆపుతూనే లోపలి మనిషిని వదిలే గడియ సాధ్యమేనని అప్పటికే తేలిపోయింది. అంటే ట్రయాంగిల్ తలుపు దగ్గర కొరవడింది ఇంజనీరింగ్ కాదు.

పాతకాలపు ఫ్రిజ్జుల సంగతీ అలాంటిదే. బయటి హ్యాండిల్‌తో తప్ప తెరుచుకోని గడియ వాటికి ఉండేది. పారేసిన ఫ్రిజ్జుల్లో దాగుడుమూతలాడుతూ దూరిన పిల్లలు ఊపిరాడక పోయారు. 1956లో అమెరికా, లోపలినుంచి తెరుచుకోని ఫ్రిజ్జు అమ్మకూడదని చట్టం చేసింది. పసిపిల్ల ఎంత బలంతో నెట్టగలదు? ఏడుస్తుందా, తన్నుతుందా, పిడి తిప్పుతుందా? తెలుసుకోవడానికి రెండు నుంచి అయిదేళ్ళ పిల్లలు 201 మందిని అలాంటి నమూనా పెట్టెలో ఉంచి చూశారు. చదువుతుంటే గుండె చిక్కబట్టుకున్నట్టుంటుంది, కానీ లోపలున్న ప్రాణిని ప్రమాణంగా తీసుకుని గడియని రూపొందించడమంటే అదే. 15 పౌండ్ల తోపుకి, అంటే ఏడు కిలోలకి కాస్త తక్కువ బలానికి, తలుపు రావాలని తేల్చారు. కంపెనీలు గడియ తీసేసి అయస్కాంతపు పట్టీ పెట్టుకున్నాయి. ఇవాళ మన వంటింట్లో ఫ్రిజ్జు వేలితో లాగితే వస్తుందంటే వెనక ఆ పిల్లలున్నారు.

ఇక్కడిదాకా నా ఆలోచన తిన్నగానే నడిచింది. లోపలున్నవాళ్ళు తీసుకోగలిగిందే న్యాయమైన గడియ. ఆడపిల్లల హాస్టల్ గేట్ల మీద 2015లో ఢిల్లీలో మొదలైన ‘పింజ్రా తోడ్’ అడిగిందీ అదే. మాది పెద్దవాళ్ళ ఒళ్ళు, మా రక్షణ పేరుతో మాకు తాళమేమిటని. దీనికి ఎదురు చెప్పే మాట నాకు ఇప్పటికీ కనిపించదు.

అయితే మా గేటు హాస్టల్ గేటు కాదు. అమ్మకి డెబ్బై ఆరేళ్ళు. ముప్పై ఏళ్ళకి పైగా స్కూల్లో తెలుగు టీచరుగా చేసింది. ఇప్పుడు మతిమరుపు జబ్బు. తెల్లారగట్ల నాలుగింటికి లేచి, చీర మార్చుకుని, స్కూలుకి టైమైందని బయల్దేరుతుంది. మా వీధి చివర హైవే. రెండుసార్లు లారీల మధ్యనుంచి ఎవరో తీసుకొచ్చి దిగబెట్టారు. గేటుకి తాళం వేద్దామన్నాడు అన్నయ్య. పెద్దల కమిషన్‌గా నన్ను వెల్డింగ్ షాపుకి పంపారు. మేస్త్రి మొదటే అడిగాడు: “ఎటువైపు తెరుచుకోవాలండీ?”

తాళం వద్దన్నాను. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో మానసిక రోగులుండే పాకకి నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది పారిపోలేక కాలిపోయారు. ఏ జబ్బు మనిషినైనా గొలుసుతో కట్టడం 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టంలో నిషేధం. కానీ ఇళ్ళలో వేసే తాళాలు చూసేదెవరు?

మేస్త్రి ఇంకో ఉపాయం చెప్పాడు. కడ్డీని ఒక చేత్తో పైకెత్తి పట్టుకుని, రెండో చేత్తో పక్కకి జరిపితేనే వచ్చే గడియ. పిల్లలున్న ఇళ్ళలో పెడతామన్నాడు. అందరికీ వస్తుంది, అమ్మకి రాదు. రెండు పనులు ఒకేసారి గుర్తుపెట్టుకోవడమే ఆమెకి పోయింది కదా. నాకు అది తాళం కన్నా ఎక్కువ గుచ్చుకుంది. ఊళ్ళో అందరూ పాసయ్యే పరీక్ష, ఒకే ఒక్క మనిషి ఫెయిలవడం కోసం తయారుచేసింది. ఆ మనిషి వేలమందికి పరీక్షపేపర్లు దిద్దిన టీచరు.

వదిన చదివిందట, మతిమరుపు వాళ్ళుండే కేంద్రాల్లో తలుపు మీద పుస్తకాల బీరువా బొమ్మ వేస్తారని. తలుపని తెలియక వాళ్ళు వెనక్కి మళ్ళుతారట. మన గేటుకీ గోడరంగే వేద్దామంది. అది మోసం కదా అన్నాను. వదిన చెయ్యి కడుక్కుంటూ నిదానంగా అంది: “తాళం వేసిన రోజు అత్తయ్య గేటు పట్టుకుని ఊపి ఊపి చేతులు వాచిపోయాయి. ఏడ్చింది. గేటు కనబడకపోతే వెనక్కి తిరిగి మొక్కలకి నీళ్ళు పోసుకుంటుంది. ఏది మోసమో నువ్వే చెప్పు.”

చెప్పడం తేలిక కాదు. కనబడే తాళం ముందు అమ్మ కనీసం కోపం తెచ్చుకోగలదు, తనని ఆపుతున్నారని తెలుసుకుంటుంది. కనబడని తలుపు ఆమె కోపాన్ని కూడా తీసేసుకుంటుంది. నేను ఇప్పటికీ ఆ కోపం వైపే ఉన్నాను. కానీ ఆ వాచిన చేతులకి కొబ్బరినూనె రాసింది నేను కాదు.

చివరికి లోపలినుంచి ఒంటిచేత్తో వచ్చే వాలుగడియే పెట్టిద్దాం, కడ్డీ లేస్తే మంచం పక్కన గంట మోగేలా తీగ లాగుదాం అన్నాను. అమ్మని ఆపదు, మనకి చెప్తుంది. అన్నయ్యకి నచ్చింది. వదిన అడిగింది, “రాత్రి గంట మోగితే లేచేదెవరు?”

ఆ ప్రశ్న అడిగాక గడియ నాకు ఇంకోలా కనబడింది. తాళం నిద్రపోదు, జీతం అడగదు. అది ఒక మనిషి చేయాల్సిన కాపలాని ఇనుముకి అప్పజెప్పడం. ఆ ఇనుము తీసేస్తే కాపలా మాయమైపోదు, తిరిగి మనిషి మీద పడుతుంది. మన ఇళ్ళలో ఆ మనిషి ఎవరో వేరే చెప్పాలా? హైదరాబాదులో కూర్చుని నేను అమ్మ స్వేచ్ఛ గురించి మాట్లాడొచ్చు. ఆ స్వేచ్ఛ ఖర్చు వదిన కళ్ళకింద నల్లగా కనబడుతుంది. అలాగని తాళమే సరి అనను. వదిన నిద్రకి, అమ్మ నడకకి పోటీ పెట్టి, అన్నయ్య నిద్రనీ నా నిద్రనీ లెక్కలోకి తేకుండా ఇచ్చే తీర్పు ఏదైనా తప్పే.

మేస్త్రి ఒక మంచి మార్పు చేశాడు. కడ్డీ కొంచెం బరువైనది వేసి, అడుగున్నర పొడుగునా జరిపితే తప్ప గాడిలోంచి బయటికి రాకుండా పెట్టాడు. అమ్మ తీయగలదు, కానీ టైము పడుతుంది. ఈలోగా గంట మోగుతుంది. గడియ అంటే ఇరవై నాలుగు నిమిషాల కాలం అన్న అర్థం కూడా ఉంది కదా అంటే అతను నవ్వాడు. “అంతసేపు పట్టదులెండి, ఒక నిమిషం దొరుకుద్ది” అన్నాడు.

వారంలో మూడు రాత్రులు గంట అన్నయ్య పక్కకి మారింది. మొదటి వారం మోగినా వినబడలేదన్నాడు, వదినే లేచింది. రెండోవారం నుంచి వినబడుతోంది. అమ్మ గేటు తీస్తే అతను చెప్పులేసుకుని పక్కన నడుస్తాడు. మలుపు దాకా వెళ్ళి, ఇవాళ ఆదివారం కదమ్మా అంటే వెనక్కి వస్తుందట. అదీ అబద్ధమే అని వదిన నాకు ఫోన్లో గుర్తుచేసింది.

మిగతా నాలుగు రాత్రులకి నా డబ్బుతో ఒకావిడని పెట్టాం. తొమ్మిదింటికి వచ్చి ఆరింటికి వెళ్తుంది. ఇంట్లో పన్నెండేళ్ళ కూతురు ఒక్కతే. వీళ్ళ అద్దెగదికి బయట గొళ్ళెం ఉంది గానీ లోపల బోల్టు లేదు. రాత్రుళ్ళు ఆ పిల్ల తలుపుకి బియ్యం డబ్బా అడ్డం పెట్టుకుంటుంది. మేస్త్రి మా గేటు పని ముగించే రోజు, లోపలికి ఒక టవర్ బోల్టు బిగించడానికి ఎంతవుతుందని ఆమె అడిగింది. పైసలు తర్వాత చూద్దాం, వచ్చి వేస్తానన్నాడు. తలుపుకి రంధ్రాలు వేయొద్దని ఇంటి ఓనరు అడ్డుపడ్డాడట. ఆమె ఇంకా బతిమాలుతూనే ఉంది.