తరుగు ఎవరిది?

54 కిలోల అల్యూమినియం పూర్తిగా ఆక్సైడైతే 102 కిలోలు తూగుతుంది. గాలిలోంచి 48 కిలోల ఆక్సిజన్ వచ్చి చేరుతుంది. ఉన్నదేదీ పోలేదు, పైగా బరువు పెరిగింది. అయినా ఫౌండ్రీలో దాన్ని తరుగు అనే అంటాం.

ఉన్నది లేకుండా పోదు, లేనిది కొత్తగా పుట్టదు, రూపమే మారుతుందని సాంఖ్యుల సత్కార్యవాదం. ఫర్నేసులో కరిగిన లోహం మీద తేలే ఆక్సైడు తెట్టును, అంటే డ్రాస్‌ను తీస్తూ మా కుర్రాడొకడు అదే అడిగాడు: "ఎక్కడికీ పోనప్పుడు ఇంత బాధెందుకు మాస్టారూ?"

కొట్టిపారేసే ప్రశ్న కాదది. ఆ ఆక్సైడు అల్యూమినాయే. బాక్సైటు తవ్వి, శుద్ధి చేసి తీసేదీ అదే. అందులోంచి కిలో లోహం విడదీయడానికి దాదాపు 14 యూనిట్ల కరెంటు కావాలి. కొండ తవ్వినవాళ్లూ, స్మెల్టర్ సెగ భరించినవాళ్లూ విడదీసి పెట్టినదాన్ని నేనొక్క షిఫ్టులో మళ్లీ కలిపేస్తున్నాను. పదార్థం ఉంది, వాళ్ల కష్టం పోయింది. సాంఖ్యం చెప్పేది ప్రకృతి లెక్క. ఇది ధర్మం లెక్క.

అందుకే ఇక్కడ నేర్పు కూడా ధర్మమే అంటాను. లేతు మీద రాలిన సన్నటి టర్నింగులను నేరుగా మంట కింద పోస్తే కరిగేలోపే చాలా భాగం కాలిపోతుంది. వాటికి బరువు తక్కువ, గాలి తగిలే ఒళ్లు ఎక్కువ. నూనె, తడి లేకుండా ఆరబెట్టి, ముందే కరిగి ఉన్న లోహంలోకి ముంచాలి. తడి ఉంటే తరుగు మాట అటుంచి ప్రాణానికే ముప్పు. 660 డిగ్రీలకు కరిగేదాన్ని 750 దాటించి ఊరికే నిలబెట్టకూడదు, మెగ్నీషియం కలిసిందైతే అసలే కూడదు. తీసిన డ్రాస్‌లోనూ లోహం చాలానే ఉంటుంది. వేడి మీదే నొక్కి పిండాలి, లేకపోతే డబ్బాలోనే మండుతూ పోతుంది.

ఇంత చేసినా ద్రవం మీద పల్చటి పొర కడుతుంది. అదీ ఆక్సైడే, అదీ తరుగే. కానీ కిందనున్న లోహానికి గాలి తగలకుండా కాపాడేది అదే. తరుగు సున్నా కావాలని ఆత్రపడేవాడు గరిటె పెట్టి కెలుకుతాడు. పొర చిరుగుతుంది, కొత్త లోహం పైకొచ్చి కాలుతుంది. ఆ కాస్త నష్టాన్ని మనసారా ఒప్పుకోవడమే నాకు తెలిసిన వైరాగ్యం. అజాగ్రత్తకు ఆ పేరు పెట్టుకుంటే మాత్రం నేను ఊరుకోను.

పొరకైన తరుగునూ, కెలికి పోగొట్టిన తరుగునూ కాటా విడదీయలేదు. రెండూ ఒకే డబ్బాలో పడతాయి. అందుకే షిఫ్టు పుస్తకంలో డ్రాస్ బరువు పక్కన, పొరను ఎన్నిసార్లు కదిపామో కూడా రాయిస్తున్నాను.