విందుకు హద్దు ఉందా?



క్రిస్మస్ దగ్గరపడుతున్నది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ విచారణల్లో ఇళ్ళకు రంగులు పడుతున్నాయి, అరిసెలకు బియ్యం నానుతున్నాయి. అర్ధరాత్రి పూజ కాగానే కేకు, మధ్యాహ్నం మటన్ బిర్యానీ, సాయంత్రం బంధువుల ఇంట మళ్ళీ భోజనం. ఈ సంబరంలో షుగరు, బీపీ ఉన్నవారిని ఒక ప్రశ్న వేధిస్తుంది: తింటే ఒంటికి చేటు, తినకపోతే పండుగకు లోటు. మరి ఏం చేయాలి?

విందు పాపం కాదు. కానా పెండ్లిలో ప్రభువు ఆరు రాతి బానల నీటిని ద్రాక్షారసంగా మార్చారు. నలుగురితో కూర్చుని భుజించినందుకు ఆయననే తిండిపోతు అన్నవారున్నారు. పునీత తోమాసు అక్వినాసు గారు కూడా తినడాన్ని తప్పు పట్టలేదు, హద్దు తప్పిన ఆశనే తప్పన్నారు. ఆ హద్దు ఎక్కడుంది?

మన తాతల పళ్ళెం గుర్తు చేసుకుందాం. 1967లో సాగర్ ఎడమ కాలువకు నీళ్ళు వదలక ముందు ఇటువైపు మెట్ట సేద్యమే ఎక్కువ. చాలా ఇళ్ళలో రోజూ జొన్న గటక, జొన్న రొట్టె. వరి అన్నం పండుగనాటి మాట. కాలువ వచ్చింది, మిర్యాలగూడ రైసు మిల్లుల ఊరైంది, ఆకలి తీరింది. అందుకు దేవునికి స్తోత్రం. కాని నాటి పండుగ భోజనం నేడు మూడు పూటల భోజనమైంది. కాయకష్టమేమో తగ్గింది. దేశంలో మధుమేహం ఉన్నవారు 10 కోట్లకు పైనేనని 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధనా మండలి అధ్యయనం లెక్కగట్టింది.

కనుక మనం ముందుగా దిద్దుకోవలసింది డిసెంబరు 25ను కాదు, మిగిలిన 364 రోజులను. తిరుసభ పండుగకు ముందు ఆగమన కాలాన్ని ఊరకనే పెట్టలేదు. రోజూ పండుగలా తినేవారికి పండుగనాడు కొత్తగా ఏం మిగులుతుంది? మంచి అలవాటు విందుకు శత్రువు కాదు, దానికి రుచినిచ్చేది అదే.

అయితే షుగరు ఉన్నవారు పండుగ పేరుతో మందు మానరాదు. విందు కోసం పొద్దంతా పస్తుండరాదు. సత్ప్రసాదానికి ముందు ఒక గంట ఉపవాసం నియమమే. కాని మంచినీళ్ళు, మందులు దానికి భంగం కావు. వృద్ధులకు, రోగులకు ఆ గంట నియమం కూడా వర్తించదు.

ఇక వడ్డించే చేతికి హద్దు లేదా? కొసరి కొసరి వడ్డించడం మన మర్యాద. కాని, "పండుగ పూట ఒక్క అరిసె ఏం చేస్తుంది, తిను వదినా" అని, వద్దన్నవారి విస్తరిలో వేస్తే అది ప్రేమేనా? ఆమె రాత్రి పడే బాధను మనం పంచుకోగలమా? తినేవారి మితం సగం వడ్డించేవారి చేతిలోనే ఉంది.

నెహెమ్యా గ్రంథంలో ప్రజలను పండుగనాడు కమ్మగా తినమన్నారు, ఏమీ సిద్ధం చేసుకోలేని వారికి వంతులు పంపమని కూడా చెప్పారు. ఈ రెండో మాటను మనం మరచిపోతున్నామా?

ఈ క్రిస్మస్‌కు అత్తమ్మ వద్దంటే ఆ మాట వినండి, లేదా చిన్న ముక్క ఇచ్చి ఆమె పక్కన కూర్చోండి. చేతిలో మిగిలిన ఆ గంటెడు, పొయ్యి వెలగని ఇంటికి వేడిగా ఉండగానే పంపండి.