వెనుక కట్టిన పడవ

ధ్యానభాగము: అపొస్తలుల కార్యములు 27:13–32



పౌలు ఖైదీగా ఇటలీకి పోవుచుండిన ఓడ వెనుక ఒక చిన్న పడవ త్రాటితో కట్టబడియుండెను. దక్షిణపుగాలి మెల్లగా వీచినంతసేపు లూకా ఆ పడవ ఊసే ఎత్తలేదు. పెనుగాలి విసరి ఓడ చేయి దాటిపోయిన తరువాతనే, కౌద అను చిన్న ద్వీపము చాటున దానిని లాగి పట్టుకొనుటకు ఎంత ప్రయాసపడిరో 16వ వచనములో తెలిపెను. 'మేము' అని వ్రాసినాడు గనుక, వైద్యుడైన లూకాయు ఆ త్రాటిమీద చేయివేసియుండునని తలంచవచ్చును.

ముండ్లమూరునకు సముద్రము దూరము. మన పొలములకు వచ్చునది సాగరు కాలువ నీరు. అయినను ఒకదాని వెనుక ఒకటి కట్టి లాగుట మనకు క్రొత్త కాదు. ఎద్దుబండి నెరుగుదుము, ట్రాక్టరు వెనుక ట్రక్కు నెరుగుదుము. అమెరికాలోనున్న మన తెలుగు బిడ్డలలో కొందరు సెలవు దినములలో పడవను ట్రైలరుమీద నెక్కించి, తమ ఇంటి కారునకు తగిలించి చెరువులకు పోవుదురు. ఆ కారు లారీ కాదు. ఆలుబిడ్డలు, ముసలితల్లి కూర్చుండుటకు కొన్న క్రాసోవర్ కారు. అది పడవను లాగగలదా యని అడిగినయెడల లాగగలదనియే జవాబు. ఎంతవరకు అనునదే ప్రశ్న.

ఆ తరగతి కార్లలో పెక్కింటికి 3500 మొదలు 5000 పౌనుల వరకు, అనగా సుమారు 1600 మొదలు 2270 కిలోల వరకు లాగు శక్తి కలదని తయారుచేసినవారు పుస్తకములో వ్రాయుదురు. కొనువాడు ఆ పెద్ద అంకెను చూచి సంతోషించును. పడవ అమ్మువాడు చెప్పిన తూనికలో ఇంజను, పెట్రోలు, ట్రైలరు చేరియుండకపోవచ్చును. అదిగాక ట్రైలరు కొక్కెముమీద మోపు బరువు కారు మోయవలసిన బరువులోనిదే. కారు 1400 పౌనులు మోయగలదనుకొందము. ఇంటివారు అయిదుగురు 800 పౌనులు, సామాను 200, కొక్కెముమీద 400 అయినయెడల కారు నిండినది. ఇక మేనత్తను కూర్చుండబెట్టుకొనుటకు చోటున్నను శక్తి లేదు. వెనుక కట్టినది వెనుకనే యున్నదనుకొందుము గాని అది లోపల కూర్చున్నవారి చోటునే తీసికొనుచున్నది.

మన పెద్దలు ఈ లెక్క పుస్తకము లేకయే ఎరిగియుండిరి. బండిలో బరువు ముందుకు ఎక్కువైన ఎద్దుల మెడలు అణగును. వెనుకకు మ్రొగ్గిన కాడి పైకి లేచి మెడత్రాళ్లు బిగిసి ఎద్దులకు ఊపిరాడదు. ట్రైలరు విషయమును అట్టిదే. మొత్తము బరువులో నూటికి పది మొదలు పదిహేను వంతులు కొక్కెముమీద ఉండవలెనందురు. పడవకు కొంత తక్కువైనను చాలునని కొందరు చెప్పుదురు. మరీ తగ్గినయెడల వేగము పెరిగినప్పుడు ట్రైలరు తోకవలె అటునిటు ఊగి, తుదకు కారునే త్రిప్పివేయును. ఎక్కుడులో ఇంజను మూలుగును, అది అందరికి వినబడును. నిజమైన అపాయము దిగుడులోనున్నది. దోర్నాల మీదుగా శ్రీశైలము ఘాటురోడ్డున బరువుతో దిగిన డ్రైవర్ల నడిగి చూడుడి. అంతవరకు మనము లాగినది అప్పుడు మనలను నెట్టును. అందుకే ఆ దేశములో అనేక రాష్ట్రములలో 3000 పౌనులు దాటిన ట్రైలరునకు వేరే బ్రేకులుండవలెనని చట్టము.

ఇప్పుడు మన సంగతికి వత్తము. మన పల్లెలలో ఇంటి బండికి వెనుక కట్టబడుచున్న పడవ ఏది? చాలమందికి అది అప్పు. బోరుబావి అప్పు, పెండ్లి అప్పు, కుమారుని పైదేశమునకు పంపిన అప్పు. వీటికంటె మౌనముగా వచ్చునది మరియొకటి కలదు, అది హామీ సంతకము. బావమరిది వచ్చి, "ఒక్క సంతకమే గదా బావా, కట్టేది నేనే గదా" అనును. కాదనిన మాట పోవును. సంతకము పెట్టినవాడు ఇంటికి వచ్చి భార్యతో చెప్పడు. దిగుడు వచ్చువరకు ఆ బరువు ఎవరికిని తెలియదు.

పరులకు హామీపడిన కుమారునికి సామెతల గ్రంథము 6వ అధ్యాయములో జ్ఞాని చెప్పు బుద్ధి కఠినమైనది. నిద్రపోక, సిగ్గు విడిచి వెళ్లి బ్రతిమాలి, వేటకాని చేతినుండి లేడి తప్పించుకొనునట్లు తప్పించుకొమ్మనెను. అట్లయిన గలతీ 6:2 మాటేమి? ఒకరి భారము నొకరు మోయవలెనని అదే పౌలు వ్రాయలేదా? వ్రాసెను. మూడు వచనములు దాటకముందే ఎవని బరువు వాడే మోయవలెననియు వ్రాసెను. గ్రీకులో ఇవి రెండు వేరు మాటలు. మొదటిది 'బారోస్', మనిషిని అణచివేయు భారము. రెండవది 'ఫోర్టియోన్', ఒకనికి నియమింపబడిన మోత. ప్రభువు తనది తేలికయని చెప్పిన చోటనున్నదియు ఈ రెండవ మాటయే (మత్తయి 11:30). పొరుగువాడు క్రుంగినప్పుడు చేయి వేయవలెను. వాని మోతను వానికి తెలియకుండ మన బిడ్డల నెత్తిన పెట్టుట ప్రేమయని నేననను.

పౌలు తానే ఒకనికి హామీపడెను. ఒనేసిము నిమిత్తము ఫిలేమోనునకు వ్రాయుచు, అతడు బాకీయున్నది తన లెక్కలో చేర్చుమని, తానే తీర్చెదనని స్వహస్తముతో వ్రాసెను. మనిషిని ఎరిగి వ్రాసెను, తీర్చువాడు తానేయని యెంచి వ్రాసెను. తీర్చ తలంపు లేక సంతకము చేయుట హామీ కాదు, మొగమాటము.

అయితే ముందే కట్టుకొన్న త్రాటిని తెగగోసి పారిపోవుటయు మార్గము కాదు. 2024 సెప్టెంబరు మొదటి దినములలో కృష్ణమ్మ 11 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చినప్పుడు, కట్టు విడిన పెద్ద పడవలు కొట్టుకొనివచ్చి విజయవాడలో ప్రకాశం బ్యారేజీ గేట్లను తాకెను. గేట్ల బరువుదిమ్మెలు దెబ్బతిన్నవి, పడవలను తీయుటకు రెండు వారములకు పైగా పట్టినది. రాత్రికి రాత్రి ఊరు విడిచిన అప్పులవాని త్రాడు ఎవరికి తగులునో అతని హామీదారుల నడుగుడి. తెలిసిన మార్గము జ్ఞాని చెప్పినదే: వెళ్లి ఎదుట నిలువబడి మాటలాడుట. మొదట భార్యతో, తరువాత అప్పిచ్చినవానితో. సంఘపెద్దలు తోడు వెళ్లవచ్చును. ఆ తోడు వెళ్లుటయే గలతీ 6:2.

ఓడలోని పడవ కథ కౌద దగ్గర ముగియలేదు. పదునాలుగవ రాత్రి నావికులు లంగరులు వేయు నెపమున దానిని దింపి తాము తప్పించుకొన జూచిరి. వారు ఓడలో ఉండనియెడల మిగిలినవారికి రక్షణ లేదని పౌలు శతాధిపతితో చెప్పెను. అంత ప్రయాసతో పైకి లాగిన పడవ అది. సైనికులు త్రాళ్లు కోసి దానిని పోనిచ్చిరి. కొందరిని మాత్రము దాటించు పడవకంటె అందరు కలిసియున్న పగిలిన ఓడ మేలని ఆ గడియలో వారికి తోచెను. తెల్లవారుచుండగా పౌలు రొట్టె విరిచి దేవునికి కృతజ్ఞతలు చెల్లించెను. ఓడలోనున్న 276 మంది తృప్తిగా తిని, మిగిలిన గోధుమలను సముద్రములో పారబోసి ఓడను తేలికచేసిరి.