మొక్కకి తొందర లేదు



ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడతాను. పొద్దున్నే తులసికి నీళ్లు పోసి, దండం పెట్టుకుని, అరనిమిషంలో లోపలికి వచ్చేస్తాం. ఆ అరనిమిషంలో మనం తులసిని చూశామా? లేక నీళ్లు పోసే పని ఒకటి పూర్తి చేశామా?

ఈ రెండూ ఒకటి కాదని నాకు అనిపిస్తుంది. ముఖ్యంగా ఎండాకాలంలో.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. నా వృత్తిలో వేగమే గుణం. ఒక పేజీ రెండు సెకన్లు ఆలస్యంగా తెరుచుకుంటే దాన్ని లోపం అంటాం, వెంటనే టికెట్ వేస్తాం. రోజంతా ఈ లెక్కలో బతికాక అదే లెక్క మనతో పాటు ఇంటికీ వస్తుంది. ప్రవచనాన్ని 1.5 స్పీడ్‌లో వింటాం. అమ్మ ఫోన్‌లో చెబుతున్నది సగంలో ఉండగానే "ఆ, సరే అమ్మా" అనేస్తాం. మొక్క దగ్గరా అంతే.

కానీ మొక్క దగ్గర ఈ వేగం పనిచేయదు. ఇదేదో భావుకతతో అంటున్న మాట కాదు, మట్టి సంగతి. కుండీలో మట్టి బాగా ఎండితే ముడుచుకుని అంచుల దగ్గర విడిపోతుంది. అప్పుడు మగ్గుతో గబగబా పోస్తే నీళ్లు ఆ సందులోంచి జారి, అడుగున ఉన్న చిల్లులోంచి బయటికి పోతాయి. కింద పళ్లెం నిండుతుంది, మనకేమో బాగా పోశామన్న తృప్తి. వేలు పెట్టి చూస్తే మధ్యలో మట్టి పొడిపొడిగానే ఉంటుంది. అవే నీళ్లు కొంచెం కొంచెంగా, ఆగి ఆగి పోస్తే మట్టి ముందు తడిసి, మెత్తబడి, తర్వాత తాగడం మొదలుపెడుతుంది. మగ్గు అదే, నీళ్లూ అవే. మారిందల్లా మన తొందర.

గుళ్లో శివలింగం పైన వేలాడే ధారాపాత్రని చూసినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. బిందెడు నీళ్లు ఒక్కసారి గుమ్మరించినా అభిషేకమే కదా, మరి చుక్క చుక్కగా ఎందుకు? నేను దాన్ని ఇలా అర్థం చేసుకుంటాను. ఇచ్చేటప్పుడు మన సౌకర్యం ముఖ్యం కాదు, పుచ్చుకునేవారి వేగం ముఖ్యం.

మహాభారతం శాంతిపర్వంలో భృగు భరద్వాజ సంవాదం ఉంది. చెట్లు వినవు, చూడవు, వాటికి స్పర్శ కూడా లేదు, మరి అవి పంచభూతాత్మకం ఎలా అవుతాయని భరద్వాజుడి సందేహం. దానికి భృగువు చెప్పిన మొదటి ఆధారాల్లో ఎండాకాలం ఉంది. వేడికి ఆకులు, పూలు, కాయలు వాడి రాలిపోతున్నాయంటే చెట్టుకి స్పర్శ తెలుస్తున్నట్టే కదా అంటాడు. తీగ దారి వెతుక్కుంటూ వెళ్లి చెట్టుని చుట్టుకుంటుంది కాబట్టి దానికి చూపు ఉందంటాడు. వేళ్లతో నీరు తాగుతుందంటాడు. 'పాదప' అనే మాట అక్కడిదే, పాదాలతో తాగేది అని.

అన్నీ అప్పుడే సైన్స్‌గా చెప్పేశారని వాదించడం నా ఉద్దేశం కాదు. ఆ ఆధారాలు ఎలా దొరికాయో గమనించమంటున్నాను. తీగ చెట్టుని చుట్టుకోవడం ఒక్క చూపులో కనబడదు. రోజుల తరబడి చూసినవాడికే అది కనబడుతుంది. జగదీశ్ చంద్ర బోస్ కూడా మొక్కల అతి నెమ్మదైన ఎదుగుదలని చూడటానికి క్రెస్కోగ్రాఫ్ అనే యంత్రాన్నే తయారుచేశారు. 1917లో కలకత్తాలో ఆయన స్థాపించిన సంస్థకి బెంగాలీలో పేరు బసు విజ్ఞాన మందిర్. ఆయనకి అది మందిరమే. కళ్లతో చూసినా, యంత్రంతో చూసినా ముందు చెట్టు వేగానికి దిగి రావాల్సిందే.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. ఈమధ్య మనం "ప్రకృతిలోకి వెళ్లి రీఛార్జ్ అవుదాం" అంటుంటాం. తప్పు లేదు. కానీ చెట్టు మన ఛార్జింగ్ పాయింట్ కాదు. మన ప్రశాంతత కోసం మాత్రమే చెట్టు దగ్గరికి వెళితే, అది కూడా ఇంకో ఆర్డర్ పెట్టుకోవడం లాంటిదే. అక్కడా మధ్యలో ఉన్నది 'నేను'. ఆ 'నేను' కాస్త పక్కకి తప్పుకుని, "దీనికిప్పుడు ఏం కావాలి?" అని అడిగితేనే అది భక్తికి దగ్గరగా వస్తుందని నా నమ్మకం.

"నీడలో కూర్చుని మొక్కని చూసే తీరిక ఎంతమందికి ఉంది?" అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. మా అపార్ట్‌మెంట్ గేటు బయట ఒక కానుగ చెట్టుంది. మధ్యాహ్నం రెండింటికి దాని కింద ఒక ఇస్త్రీ బండి, బైకులు ఆపుకుని ఫోన్ చూసుకుంటున్న ఇద్దరు ముగ్గురు డెలివరీ కుర్రాళ్లు, ఒక కుక్క. ఈ రోజుల్లో పూలు రాలి, నేలంతా మరమరాలు చల్లినట్టు ఉంటుంది. ఆ పూలు, ఆకులు కార్ల మీద పడుతున్నాయి, కొమ్మలు కొట్టించేద్దామని వాట్సాప్ గ్రూపులో ఎవరో అన్నారు. అయిదు నిమిషాల్లో పదకొండు బొటనవేళ్లు లేచాయి. ఆ నీడలో పనిచేసుకునే ఇస్త్రీ పెద్దాయనని ఎవరూ అడగలేదు. ఆయన ఆ గ్రూపులో లేరు మరి. నేనూ ఇంకో ముగ్గురూ వద్దని రాశాం. ప్రస్తుతానికి ఆ మాట ఆగింది.

ఆ అయిదు నిమిషాల వేగమే నన్ను భయపెడుతుంది. చెట్టు ఆ నీడ ఇవ్వడానికి ఎన్నో ఏళ్లు తీసుకుంది. ఒక లీటరు నీరు ఆకుల్లోంచి ఆవిరవ్వాలంటే దాదాపు 0.67 యూనిట్ల కరెంటుకి సమానమైన వేడి పడుతుంది. ఆ వేడి చెట్టు మీద పడే ఎండ నుంచి, చుట్టూ ఉన్న గాలి నుంచి వస్తుంది. అందుకే చెట్టు కింద చల్లదనం. మన ఏసీ మాత్రం గదిలోని వేడికి తన వేడిని కూడా కలిపి వీధిలోకి నెడుతుంది, ఆ కుర్రాళ్లు నిలబడ్డ వీధిలోకే. కాబట్టి నెమ్మదించడం తీరిక ఉన్నవాళ్ల విలాసం కాదనుకుంటాను. మన వేగం ఖర్చు ఎవరి నెత్తిన పడుతోందో కనబడాలంటే మనం కాసేపు ఆగాలి.

మన భాషలో నెమ్మది అంటే తొందర లేకపోవడం. మనసుకి కుదుట అని కూడా. మనం రెండోది కావాలంటాం, మొదటిది మాత్రం కుదరదంటాం.

ఈ వేసవిలో ఒక చిన్న పని చేసి చూడండి. ఒకే ఒక్క మొక్కని ఎంచుకోండి, బాల్కనీలోదైనా, వీధిలోదైనా. ఎండ ఎక్కకముందు పది నిమిషాలు, ఫోన్ లోపల పెట్టేసి. మట్టిలో వేలు పెట్టి చూడండి. పొడిగా ఉంటే కొంచెం పోసి ఆగండి, ఇంకినాక మళ్లీ పోయండి. మధ్యాహ్నం ఆకులు వేలాడితే కంగారు పడొద్దు. మిట్టమధ్యాహ్నం చాలా మొక్కలు నీరు పోకుండా ఆకుల మీది సన్నటి రంధ్రాలు ముడుచుకుంటాయి. అది వాటి విశ్రాంతి. సాయంత్రానికి తేరుకున్నాయో లేదో చూడండి. తేరుకోకపోతే అప్పుడు మీ అవసరం ఉందన్నమాట.

పది రోజులకి ఆ మొక్క గురించి మీకు ఎవరూ చెప్పని నాలుగు సంగతులు తెలుస్తాయి. అదే ఓపికతో ఒకసారి అమ్మకి ఫోన్ చేయండి. ఆవిడ మాట పూర్తయ్యేదాకా వినండి.

ఓం నమః శివాయ.