విరిగిన బోల్టు ఎవరి ఖాతాలో?

పని చేయించుకునేవారికీ, పని చేసేవారికీ మధ్య ఒక ఒప్పందం ఉంటుంది. అందులో సగం మాత్రమే మాటల్లో ఉంటుంది. ‘బండి బాగు చేసిపెట్టు’ అని ఒకరంటారు. ‘సాయంత్రానికి ఇస్తాను’ అని మరొకరంటారు. పని సవ్యంగా సాగినంతవరకు మిగతా సగం గురించి ఎవరూ ఆలోచించరు. మధ్యలో ఏదైనా చెడినప్పుడే అసలు ప్రశ్న తలెత్తుతుంది. ఈ నష్టాన్ని ఎవరు భరించాలి? న్యాయం ఎవరి పక్షాన ఉంది?

ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి పెద్ద పెద్ద వ్యాపారాల దాకా పోనక్కరలేదు. మన వీధి చివర ఉన్న మెకానిక్ షెడ్డు చాలు. నెల్లూరు జిల్లా పశ్చిమాన కొండాపురం మెట్ట ప్రాంతం. అటు ఉదయగిరి వైపు వెళ్ళినా, ఇటు ఆత్మకూరు వైపు వెళ్ళినా, తారురోడ్డు దిగితే పొలాలకు పోయేవి మట్టిబాటలే. రాళ్ళూ గుట్టల మీద నడపడానికి ప్రత్యేకంగా తయారు చేసిన బండ్లు లోకంలో ఉన్నాయి. మన దగ్గర మామూలు బండే ఆ పని చేస్తుంది. పాలక్యాన్లు, ఎరువు బస్తా, వెనక ఇద్దరు మనుషులు అన్నీ దాని మీదే. గుంతల్లో తగిలే ప్రతి దెబ్బనూ ముందు ఫోర్కులు, వెనక షాక్ అబ్జార్బర్లు, వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ భరిస్తాయి. ఆ స్వింగ్ ఆర్మ్‌ను బండి ఛాసిస్‌కు కలిపి ఉంచేది ఒక పొడవాటి బోల్టు. వానాకాలంలో బురదనీరు బుష్‌లలోకి చేరుతుంది. గ్రీజు కొట్టుకుపోతుంది. ఏళ్ళ తరబడి విప్పకపోతే ఆ బోల్టు పట్టేస్తుంది.

ఎందుకు పట్టేస్తుంది? ఇనుము తుప్పుగా మారినప్పుడు ముందుకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. సందు లేని చోట అలా ఉబ్బితే బోల్టు, బుష్ ఒకదానినొకటి బిగించుకుంటాయి. ఫోర్కుల దగ్గర అల్యూమినియం భాగాల్లోకి స్టీలు బోల్టులు దిగి ఉంటాయి. తేమ చేరితే అక్కడ అల్యూమినియం తినివేయబడి, తెల్లని పొడి మరల నిండా పేరుకుంటుంది. పైకి చూస్తే బోల్టు తల నిగనిగలాడుతూనే ఉంటుంది. రోగమంతా లోపల ఉంటుంది.

పని తెలిసినవారు ఇలాంటి బోల్టు మీద మొదటే బలం చూపరు. ముందు తుప్పును తీగల బ్రష్‌తో శుభ్రం చేస్తారు. తుప్పు వదిలించే నూనె పోసి గంటల తరబడి, అవసరమైతే రాత్రంతా నాననిస్తారు. తలకు సరిగ్గా కూర్చునే సాకెట్ వాడతారు. వదులైన స్పానర్‌తో తల గుండ్రమైపోతే సగం దారి మూసుకుపోయినట్లే. ముందు కాస్త బిగించే వైపు తిప్పి, తర్వాత విప్పే వైపు తిప్పి, మళ్ళీ నూనె పోసి, కొంచెం కొంచెంగా కదిలిస్తారు. సుత్తితో కొట్టవలసి వస్తే మరలు చెదరకుండా చివర నట్టు ఎక్కించి, ఇత్తడి కడ్డీ అడ్డం పెట్టి కొడతారు. చివరి మార్గంగా వేడి చేస్తారు. అయితే నూనె పోసిన చోట, పెట్రోలు ట్యాంకు దగ్గర, గ్యాసు నింపిన షాక్ అబ్జార్బర్ దగ్గర మంట పెట్టడం ప్రాణాలతో చెలగాటం. ఇంత జాగ్రత్త పడినా ఒక్కోసారి బోల్టు విరుగుతుంది. సగం ముక్క లోపలే ఉండిపోతుంది. దాన్ని డ్రిల్లుతో తొలిచి తీయాలి. ఒక గంట పని ఒక రోజు పని అవుతుంది. ఖర్చు రెండింతలవుతుంది.

ఇప్పుడు చెప్పండి, ఆ ఖర్చు ఎవరిది? ‘నీ చేతిలోనే విరిగింది కదా’ అంటాడు యజమాని. ‘తుప్పు పట్టించుకున్నది నువ్వే కదా’ అంటాడు మెకానిక్. ఇద్దరి మాటలోనూ కొంత నిజముంది. అందుకే ఈ తగవు అంత సులభంగా తెగదు.

మన ధర్మవేత్తలు బండ్లు లేని కాలంలోనే ఈ చిక్కును చర్చించారు. పదిమందికీ పని చేసిపెట్టే చాకలి, దర్జీ వంటి వారిని వారు ‘అజీర్ ముష్తరక్’ అన్నారు. హిజ్రీ 593 (క్రీ.శ. 1197)లో పరమపదించిన ఇమామ్ మర్గీనానీ రచించిన ‘హిదాయా’ నేటికీ మదర్సాలలో బోధించబడుతోంది. అందులో ఈ చర్చ ఉంది. ఉతికేటప్పుడు చాకలి బాదిన దెబ్బకు గుడ్డ చిరిగితే నష్టపరిహారం చాకలిదేనని హనఫీ ఇమాముల ప్రధాన అభిప్రాయం. వారిలోనే ఇమామ్ జుఫర్ దీనికి భిన్నంగా, చెప్పిన పనే చేశాడు గనుక చాకలిపై భారం లేదన్నారు. కానీ రోగికి నెత్తురు తీసే వైద్యుడు వాడుకలో ఉన్న హద్దు దాటకుండా పని చేసినప్పుడు రోగికి హాని కలిగితే అతనిపై పరిహారం లేదన్నారు. ఎందుకీ తేడా? గుడ్డ బలం ఎంతో పరిశీలిస్తే తెలుస్తుంది. కనుక పాడు చేయకుండా ఉతకాలన్న షరతు సబబే. మనిషి శరీరం ఎంత తట్టుకుంటుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. కనుక అక్కడ అలాంటి షరతు పెట్టలేం.

పాఠకులారా! తుప్పుపట్టిన బోల్టు ఈ రెండింటిలో దేనివంటిది? గుడ్డ వంటిదా, శరీరం వంటిదా? ఉదయగిరిలో గరిటెలు చెక్కే కొయ్యను తిప్పి చూస్తే పగులో, ముడో కొంతవరకు కంటికి కనిపిస్తుంది. బుష్‌లో కూరుకుపోయిన బోల్టు అలా కాదు. అది పట్టేసిందని చూడగానే తెలుస్తుంది. లోపల ఎంత తినేసిందో తెలియదు. అంటే సగం గుడ్డ, సగం శరీరం. తెలిసిన సగానికి పనివాడు బాధ్యుడు. తెలియని సగాన్ని ఇద్దరూ పంచుకోవాలి. అయితే ఆ పంపకం బోల్టు విరిగాక జరిగితే తగవు అవుతుంది. విరగకముందే జరిగితే ఒప్పందం అవుతుంది. ‘ఇది పట్టేసింది. ఒక రోజు నాననివ్వాలి. అయినా విరగవచ్చు. విరిగితే ఇంత అవుతుంది. సరేనా?’ అని ముందే అడగడానికి ఒక నిమిషం చాలు. ఇది మనం ఆలోచన కోసం చెబుతున్న మాటే గాని ఫత్వా కాదు. నిజంగా తగవు వచ్చినప్పుడు ఇరువురి మాటా విని తీర్పు చెప్పగల పండితులనే ఆశ్రయించాలి.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది మరొకటుంది. అది దాచడం. మరలు చెదిరిన చోట ఏదో జిగురు పూసి, బలం తక్కువ బోల్టు ఒకటి తగిలించి, పైన గ్రీజు రాసి బండి అప్పగించడం. బోల్టు తలపై 8.8 అనో 10.9 అనో అంకె ఉంటే అది దాని బలానికి గుర్తు. అది తీసి గుర్తు లేని చవక బోల్టు వేస్తే యజమానికి తెలియదు. ఒకనాడు గుంతలో దిగినప్పుడు స్వింగ్ ఆర్మ్ జారితే, బండి మీద ఉండేది అతని భార్యాబిడ్డలు. దైవప్రవక్త (స) బజారులో ధాన్యపు రాశిలో చెయ్యి పెట్టి లోపలి తడిని గుర్తించి, జనానికి కనిపించేలా దాన్ని పైన ఎందుకు ఉంచలేదని వ్యాపారిని నిలదీసిన సంఘటన మనకు తెలిసిందే. లోపలి తడి అయినా, లోపలి తుప్పు అయినా నీతి ఒక్కటే.

యజమానికీ బాధ్యత ఉంది. ‘ఇప్పుడే కావాలి, బయట నిలబడి ఉన్నాను’ అని తొందరపెట్టి, నానవలసిన బోల్టును గంటలో విప్పించినవాడు, విరిగాక పనివాడినొక్కడినే నిందించడం అన్యాయం. నిజం చెప్పిన మెకానిక్‌తో బేరమాడి, దాచిపెట్టిన మెకానిక్‌ను మెచ్చుకుంటే మనమే అబద్ధానికి కూలి ఇస్తున్నట్లు. ‘పాడైంది, నా చేతిలోనే పాడైంది’ అని చెప్పిన కుర్రవాడిని పదిమందిలో తిడితే, మరుసటిసారి అతడు చెప్పడు. ఆ మౌనంలో మన వంతు ఎంతో మనమే లెక్క వేసుకోవాలి.

కాబట్టి పనివాడు పని మొదలుపెట్టేముందు నిజం చెప్పాలి, పనిలో తొందరపడకూడదు, పని అయ్యాక ఏదీ దాచకూడదు. యజమాని సమయం ఇవ్వాలి, నిజాన్ని సహించాలి, తన వంతు డబ్బు గొణగకుండా ఇవ్వాలి. కొత్త బోల్టు వేసేటప్పుడు ఇరుసుకు పలుచగా గ్రీజు రాసి, ప్రతి వానాకాలం తర్వాత ఒకసారి విప్పి చూసుకుంటే ఈ తగవు చాలావరకు పుట్టనే పుట్టదు. మనుషుల మధ్య కూడా అంతే. చెప్పవలసిన మాటను ఏళ్ళ తరబడి చెప్పకుండా వదిలేస్తే అది పట్టేస్తుంది. తర్వాత బలంతో విప్పబోతే విరిగేది బోల్టు ఒక్కటే కాదు.